తక్కువ డబ్బులో పాత మోటార్‌హోమ్: చూసి కొనడం, బాగుచేసుకోవడం ఎలా?

పాత మోటార్‌హోమ్ (లోపలే పడక, వంటగది ఉండి ఇల్లులా వాడుకునే బండి) చూడ్డానికి వెళ్ళినప్పుడు తలుపు తీసిన వెంటనే లోపలికి ఎక్కేయకండి. గడపలో నిలబడి ఒకసారి గట్టిగా గాలి పీల్చండి. ముక్కిపోయిన గుడ్డల వాసన, తడిసి ఆరని చెక్క వాసన వస్తే ఆ బండి గురించి సగం తెలిసిపోయినట్టే. రూమ్ ఫ్రెషనర్ వాసన గుప్పుమంటే ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

నేను మొదటి బండి కొన్నప్పుడు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. గోడలకు కొత్త వాల్‌పేపర్, సీట్లకు కొత్త కవర్లు. ఇంజన్ ఒక్క తాళం తిప్పుకే స్టార్టయింది. సంతోషంగా డబ్బు కట్టి తెచ్చుకున్నాను. నెల తర్వాత రెండు రోజులు ముసురు పట్టింది. డ్రైవర్ సీటు పైన ఉండే పడక మూలలో చెయ్యి ఆనిస్తే వాల్‌పేపర్ వెనక గోడ మెత్తగా లోపలికి దిగిపోయింది. విప్పి చూస్తే చెక్క ఫ్రేము తడి రంపపుపొట్టులా చేతిలోకి ఊడి వచ్చింది. ఆ ఒక్క మూలకి పట్టిన డబ్బు, కాలం మిగతా పనులన్నిటికీ కలిపి పట్టలేదు.

అందుకే ముందే చెప్తున్నాను: చూడ్డానికి ఎలా ఉన్నా సరే, పొడిగా ఉన్న బండి కొనండి. వెలిసిపోయిన కర్టెన్లు, గీతలు పడ్డ అలమరాలు, పాతకాలపు రంగులు మీ చేతులతో మీరే మార్చుకోగలరు. నాలుగు గోడల్లో నీళ్ళు దిగిన బండిని మాత్రం మామూలు బడ్జెట్‌తో నిలబెట్టడం చాలా కష్టం.

డబ్బు లెక్క, బండి రకం

చేతిలో ఉన్న మొత్తం బండి ధరకే పెట్టేయకండి. మూడో వంతు పక్కన ఉంచండి. టైర్లు, బ్రేకులు, టైమింగ్ బెల్టు (ఇంజన్ లోపలి భాగాలు ఒకదానికొకటి సరిగ్గా కలిసి తిరిగేలా చూసే బెల్టు), లోపలి బ్యాటరీ, గ్యాస్ గొట్టాలు అనే ఐదు ఖర్చులు పాత మోటార్‌హోమ్ కొన్న చాలామందికి మొదటి ఏడాదిలోనే ఎదురవుతాయి. ఇన్సూరెన్సు, బండి నిలపడానికి చోటు వీటికి అదనం. నిలిపే చోటు సంగతి ముందే తేల్చుకోండి. ఆరేడు మీటర్ల పొడవున్న బండిని కొన్నాక చోటు వెతుక్కోవడం పెద్ద టెన్షన్.

రకాల విషయానికొస్తే, సరుకు రవాణా వ్యాన్‌లోనే లోపల పడక, వంటగది అమర్చినవి ఒక రకం. వీటి ఒళ్ళంతా రేకే కాబట్టి అతుకులు తక్కువ, నీళ్ళు దిగే దారులు తక్కువ. తుప్పు ఒక్కటీ చూసుకోవాలి. వ్యాన్ ముందు భాగాన్ని ఉంచి వెనక విడిగా గది కట్టినవి రెండో రకం. చోటు బాగా ఉంటుంది, పాతవి ఎక్కువగా దొరికేవీ ఇవే. కానీ అతుకులు ఎక్కువ. అందులోనూ డ్రైవర్ తల మీదుగా పడక ముందుకు పొడుచుకొచ్చిన ఓవర్‌క్యాబ్ బండ్లలో ఆ ముక్కు భాగమే ముందు తడుస్తుంది. ఎదురుగాలితో కొట్టే వాన నేరుగా దాని అతుకుల మీదే పడుతుంది మరి. మూడోది బస్సులా ముందు నుంచి వెనకదాకా ఒకే ఒళ్ళుగా ఉండే ఎ-క్లాస్. పాతది తక్కువకి వచ్చినా, ముందు అద్దం పగిలితే ఆ ఖర్చు మామూలుగా ఉండదు. మొదటిసారి కొనేవాళ్ళకి నేను మొదటి రకమే చెప్తాను. కుటుంబానికి చోటు చాలదనుకుంటే పైన ముక్కు లేని రెండో రకం.

కింద ఉన్న అసలు బండి ఎవరిదో కూడా చూడండి. ఫియట్ డుకాటో, ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్, అమెరికా బండ్లయితే ఫోర్డ్ ఇ-సిరీస్ లాంటివైతే వాటి ఇంజన్ సామాన్లు సరుకు వ్యాన్లకి వాడేవే. పైన ఇల్లు కట్టిన కంపెనీ ఎప్పుడో మూతపడినా ఇంజన్‌కి ఇబ్బంది ఉండదు. ఇబ్బంది వచ్చేది ఆ ఇంటి కిటికీలు, తలుపు తాళాలు, బయటి ప్లాస్టిక్ భాగాలతో. కిటికీలు చాలావాటిలో గాజువి కావు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్‌వి. ఒక్కో మోడల్‌కి ఒక్కో కొలత. పగిలిన కిటికీ ఉంటే దాని బదులు దొరుకుతుందో లేదో కొనకముందే వెతికి చూడండి.

బరువు లెక్క చాలామంది వదిలేస్తారు. ప్రతి బండికీ మోయగల గరిష్ఠ బరువు ఒక ప్లేటు మీద రాసి ఉంటుంది. యూరప్‌లో తయారైన చాలా మోటార్‌హోమ్‌లు 3,500 కిలోల పరిమితికి తగ్గట్టు కట్టినవి. ఖాళీ బండి 3,050 కిలోలు ఉందనుకోండి, మీకు మిగిలేది 450. నలుగురు మనుషులు 280 కిలోలు, 100 లీటర్ల నీళ్ళు 100 కిలోలు. ఇక మిగిలిన 70 కిలోల్లోనే గ్యాస్ సిలిండర్లు, పరుపులు, బట్టలు, గిన్నెలు, సైకిళ్ళు, అదనపు బ్యాటరీ అన్నీ సరిపోవాలి. ఖాళీ బరువు కాగితం మీద చూసి నమ్మకండి. వెనకటి యజమాని బయట నీడకి బిగించిన గుడ్డ పందిరి, సోలార్ పలకలు, వెనక ఇంకో బండిని తగిలించి లాగే టో బార్ ఆ లెక్కలో ఉండవు. వీలైతే లారీలు తూచే వేబ్రిడ్జి మీదకి ఎక్కించి చూడండి. మీ లైసెన్సు ఎంత బరువు వరకు చెల్లుతుందో కూడా చూసుకోవాలి.

ఫోన్‌లోనే అడగాల్సినవి

బండి చూడ్డానికి వెళ్ళేముందు అమ్మేవాళ్ళతో రెండు మాటలు చెప్పండి. ఒకటి, మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని. రెండు, ముందు రోజు సాయంత్రమే ఫ్రిజ్ ఆన్ చేసి ఉంచమని, మీరు వచ్చేసరికి నీళ్ళు, గ్యాస్, కరెంటు సిద్ధంగా పెట్టమని. "అన్నీ పనిచేస్తాయండీ, సిలిండర్ లేక చూపించలేకపోతున్నాం" అంటే, అవేవీ పనిచేయవన్నట్టే లెక్కేసుకుని ధర మాట్లాడండి.

వెళ్ళేది పగటిపూట వెళ్ళండి. వాన పడిన మర్నాడైతే మరీ మంచిది. వెంట ఒక టార్చి, మడత నిచ్చెన, సన్న స్క్రూడ్రైవర్, వోల్టులు కొలిచే మల్టీమీటర్, చెక్కలో తడి కొలిచే మాయిశ్చర్ మీటర్, మట్టి అయినా పర్వాలేదనిపించే బట్టలు. మాయిశ్చర్ మీటర్ పెద్ద ఖర్చు కాదు. మొదటి బండి మీదే దాని విలువ తెలిసిపోతుంది.

తడి ఎక్కడ దాక్కుంటుందో చూడటం

పాత మోటార్‌హోమ్ గోడ ఎలా కట్టారో తెలిస్తే తడి కోసం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. బయట పల్చటి అల్యూమినియం రేకు లేదా ఫైబర్. లోపల సన్నటి చెక్క పట్టీల ఫ్రేము. పట్టీల మధ్య థర్మాకోల్. లోపలి వైపు మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద వాల్‌పేపర్ లాంటి పొర. గోడ కప్పుని కలిసే చోట ఒక అల్యూమినియం పట్టీ పెట్టి స్క్రూలు బిగిస్తారు. దాని కింద నీళ్ళు దిగకుండా వేసే సీలెంట్ ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సీలెంట్ ఎండి బిరుసెక్కుతుంది. బండి కుదుపులకి చీలుతుంది. వాన నీళ్ళు స్క్రూ రంధ్రం వెంట దిగి చెక్కలోకి ఇంకుతాయి. లోపలి పొర ప్లాస్టిక్ లాంటిది కావడంతో తడి బయటికి కనబడదు, ఆరదు. మరక కనబడేసరికి లోపల చెక్క ఎప్పుడో చివికిపోయి ఉంటుంది.

కాబట్టి కంటితో చూడటంతో సరిపెట్టకండి. బొటనవేలితో నొక్కుతూ వెళ్ళండి. పై అలమరాలు తెరిచి వాటి లోపలి మూలలు, కప్పు కిటికీల చుట్టూ, ప్రతి గోడ కిటికీకి కింది రెండు మూలలు, సీటు దిండ్లు తీసి వాటి వెనక గోడ, వెనక దీపాల లోపలి వైపు, తలుపు గడప పక్కన, షవర్ ట్రే చుట్టూ నొక్కి చూడండి. గోడ గట్టిగా ఉండాలి. కరకరమన్నా, స్పాంజిలా దిగినా అక్కడ ఆగి మీటర్ పెట్టండి. 15 శాతం లోపు ఉంటే దిగులు లేదు. 15 నుంచి 20 మధ్య ఉంటే ఒక కన్నేసి ఉంచాలి. 20 దాటితే ఎక్కడో దారి ఉన్నట్టే. 30 దాటితే చెక్క దెబ్బతిని ఉంటుందనే అనుకోవాలి. ఒక్క అంకె చూసి తేల్చేయకుండా, అదే గోడ మీద పొడిగా ఉన్న చోటుతో పోల్చండి. మీటర్ సూదుల కింద లోహపు పట్టీ ఉన్నా అంకె ఎగిరిపోతుంది.

తర్వాత బయటికొచ్చి టార్చిని గోడకి ఆనించి, వెలుతురు గోడ పొడవునా పాకేలా పట్టుకోండి. ఎండలో సాఫీగా కనబడిన గోడ మీద ఉబ్బులు, అలలు ఆ వెలుతురులో బయటపడతాయి. పొరలు విడిపోయాయన్నమాట. నిచ్చెన వేసి కప్పు చూడండి. దాని మీదకి మాత్రం ఎక్కకండి, అన్ని కప్పులూ మనిషి బరువు ఆపవు. అతుకుల మీద తెల్లగానో పారదర్శకంగానో సిలికాన్ పూసిన చారలు ఉంటే ఎప్పుడో కారిందని, దాన్ని పైపైన పూసి సరిపెట్టారని అర్థం. ఎప్పుడు, ఎవరు చేశారని అడగండి. తడుముకుంటే మీకు జవాబు దొరికినట్టే.

నేల మీద చెప్పులు విప్పి నడవండి. తలుపు దగ్గర, వంట గట్టు ముందు స్ప్రింగులా ఊగితే రెండు కారణాలుంటాయి. ప్లైవుడ్‌కీ మధ్యనున్న ఫోముకీ జిగురు ఊడటం ఒకటి. అది అంత భయపడాల్సింది కాదు, చిన్న రంధ్రాలు వేసి రెజిన్ ఎక్కించి బరువులు పెట్టి అతికించొచ్చు. చెక్క కుళ్ళడం రెండోది. కింద పడుకుని స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే తేడా తెలుస్తుంది. గట్టిగా ఆపితే జిగురు సమస్య, మెత్తగా దిగితే కుళ్ళు.

ఇంజన్, చక్రాలు, కాగితాలు

బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాకే స్టార్ట్ చేయమనండి. వేడి ఇంజన్ తన లోపాలు దాచుకుంటుంది. చల్లటి ఉదయం కాస్త తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే మామూలే. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఇంధనం కాలే చోటికి పోతోందేమోనని అనుమానించాలి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అంటే ఇంధనం పూర్తిగా కాలడం లేదు. ఆయిల్ పోసే మూత తిప్పి లోపల మజ్జిగ రంగు జిగురు ఉందేమో చూడండి, ఉంటే ఆయిల్‌లో నీళ్ళో కూలెంటో కలుస్తున్నాయేమోనని అనుమానించాలి.

మోటార్‌హోమ్‌లు తక్కువ తిరుగుతాయి, ఎక్కువ కాలం నిలబడే ఉంటాయి. అందుకని తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోకండి. నిలబడ్డ బండికి బ్రేకులు పట్టేస్తాయి, రబ్బరు ఎండుతుంది. టైమింగ్ బెల్టుని కిలోమీటర్ల లెక్కతో పాటు ఏళ్ళ లెక్కతో కూడా మార్చాలి. మార్చినట్టు బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు మీ జాబితాలో వేసుకోండి. బెల్టు తెగితే చాలా ఇంజన్లు అక్కడితో పాడైపోతాయి. టైర్ల పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత వచ్చే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడులు కొత్తవాటిలా ఉన్నా ఆరేడేళ్ళు దాటిన టైర్లతో నిండు బరువు మోయించడం నాకు ఇష్టం లేదు. ఎండకి, బరువుకి పక్క గోడలు పగిలి, వేగంలో ఉన్నప్పుడే పేలతాయి.

నడిపి చూడటం కనీసం అరగంట ఉండాలి. ఒక ఎత్తు ఎక్కాలి, వేగంగా వెళ్ళాలి, గట్టిగా బ్రేకు కొడితే ఒక పక్కకి లాగకూడదు. ఎత్తు మీద వెనక్కి కూడా తీయండి, క్లచ్ సంగతి అక్కడ తెలుస్తుంది. బండి మెకానిజం మీకు తెలియకపోతే ఆ ఒక్క రోజుకి డబ్బిచ్చి మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళండి. కింద ఛాసిస్ పొడవునా, చక్రాల గూళ్ళలో తుప్పు చూడండి. పైపై తుప్పు గీకితే పోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే పెచ్చులు రాలి రంధ్రం పడితే మాత్రం ఆ బండి వద్దు.

కాగితాల్లో ఛాసిస్ నంబరు బండి మీద నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. అప్పు ఏమీ మిగిలి లేదని రాతపూర్వకంగా ఉండాలి. ఎన్ని పడకలున్నాయనేదానికంటే బెల్టులున్న సీట్లు ఎన్ని రిజిస్టరయ్యాయో ముఖ్యం. ఆరుగురు పడుకోగలిగే బండిలో నలుగురే ప్రయాణించగలగడం మామూలే.

బేరం ఆడేటప్పుడు "కాస్త తగ్గించండి" అంటే పని జరగదు. మీరు రాసుకున్న జాబితా చేతికివ్వండి. టైర్లు ఏ సంవత్సరానివి, ఏ మూలలో మీటర్ ఎంత చూపించింది, పనిచేయని సామాను ఏది, ఒక్కోదానికి అయ్యే ఖర్చెంత అని పక్కన వేయండి. కాగితం మీద అంకెలు చూస్తే అమ్మేవాళ్ళకి కోపం రాదు. రెండు మూడు చోట్ల తడి ఉన్నా, కాగితాలు సరిపోకపోయినా ఎంత తగ్గించినా దండం పెట్టి వచ్చేయండి. ఆ రోజు చేతులూపుకుంటూ ఇంటికి రావడం బాధగానే ఉంటుంది, నాకు తెలుసు.

తెచ్చాక మొదట చేయాల్సింది

బండి ఇంటికి రాగానే పాత అలమరాలు పీకి రంగులు వేయాలని చేతులు దురద పెడతాయి. కాస్త ఆగండి. ఉన్నది ఉన్నట్టుగా నాలుగైదు రాత్రులు అందులో పడుకోండి. ఏ లైటు ఎక్కడ కావాలో, ఏ తలుపు ఎవరి మోకాలికి తగులుతుందో అప్పుడే తెలుస్తుంది. పైగా గది కట్టిన బండ్లలో లోపలి అలమరాలు, అడ్డు గోడలు కూడా ఆ పెట్టెని బిగుతుగా పట్టి ఉంచుతాయి. అన్నీ పీకేసి ఖాళీ చేస్తే కుదుపులకి గోడలు ఊగి అతుకులు విడతాయి.

పనుల వరస ఇది: ముందు కప్పు, అతుకులు. తర్వాత బ్రేకులు, టైర్లు, బెల్టు, ఆయిళ్ళు. ఆపైన గ్యాస్, కరెంటు, నీళ్ళు. అందం చివరికి. ఈ వరస మార్చి, ముందు కొత్త నేల వేసి తర్వాత కప్పు కారి ఆ నేలే పాడైపోయిన బండ్లు చాలా ఉన్నాయి.

కప్పు కిటికీని తిరిగి సీల్ చేయడం

ఈ పని ఒక్కటి నేర్చుకుంటే బండిలో సగం అతుకులు మీరే చేసుకోగలరు. పొడి రోజు ఎంచుకోండి. కప్పు మీద మోకాళ్ళు ఆనించాల్సి వస్తే వెడల్పాటి పలక వేసి బరువు పరచండి. పాత కిటికీ చుట్టూ స్క్రూలన్నీ తీసేయండి. తుప్పు పట్టినవి తిరిగి వాడకండి, స్టెయిన్‌లెస్ స్టీలువి తెచ్చుకోండి. అంచు కిందకి ప్లాస్టిక్ గరిటె లాంటి స్క్రేపర్ దోపి మెల్లగా చుట్టూ తిప్పండి. ఇనుప ఉలి వాడితే రేకు గీసుకుపోతుంది, రబ్బరు పొర వేసిన కప్పయితే చిరిగిపోతుంది. పాత సీలెంట్ ఊడి వచ్చాక కింద చెక్క కనబడుతుంది. నల్లగా ఉందా, మెత్తగా ఉందా అని ఇక్కడ ఆగి చూడాలి. గట్టిగా ఉంటే అంటుకున్న జిగురంతా గోకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు కప్పు మీద పెట్రోలు, టర్పెంటైన్ లాంటివి వేయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది.

ఇప్పుడు కిటికీ అంచు కింద చుట్టూ బ్యూటైల్ టేప్ పరచండి. చూయింగ్ గమ్‌లా సాగే ఈ టేప్ ఏళ్ళ తరబడి గట్టిపడదు, కుదుపులకి సాగుతూ ఉంటుంది. స్క్రూలు ఎదురెదురుగా ఉన్నవి కొంచెం కొంచెం బిగించండి. అంచు చుట్టూ టేప్ సమానంగా బయటికి పొంగుతూ వస్తే అక్కడ ఆపేయండి. మర్నాడు వచ్చి ఇంకో అర చుట్టు బిగించండి, మరికాస్త పొంగుతుంది. పొంగిన దాన్ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో కోసేసి, స్క్రూ తలల మీదా అంచు మీదా కప్పుకి పనికొచ్చే సీలెంట్ వేయండి. బల్లపరుపు కప్పుకి తనంతట తాను పరచుకునే రకం బాగుంటుంది. సిలికాన్ మాత్రం కొనకండి. అది ఊడిపోయాక దాని పొర ఒకటి మిగిలిపోతుంది, దాని మీద ఏ సీలెంటూ పట్టదు. వెనకటి వాళ్ళ సిలికాన్ గోకడానికి నాకు ఒక్కో అతుకుకి ఒక పూట పట్టింది.

ఎక్కడ కారుతోందో తెలియకపోతే పైపుతో నీళ్ళు కొట్టి చూడండి. కింది అతుకుతో మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు కిందికి జారి ఏ అతుకు దోషమో తేలదు. ఇంకో పద్ధతి ఉంది. కిటికీలు, తలుపులు మూసి ఒక బ్లోయర్ ఫ్యానుతో లోపలికి గాలి కొట్టించి, బయట అతుకుల మీద సబ్బు నీళ్ళు చల్లండి. బుడగలు లేచిన చోటే దారి. ప్రెషర్ వాషర్ మాత్రం అతుకుల మీద ఎప్పుడూ వాడకండి.

చిన్న మూల చివికి ఉంటే బాగుచేసుకోవచ్చు. కారే దారి ముందు మూయండి. లోపలి ప్లైవుడ్‌ని గట్టి చెక్క తగిలేదాకా, ఇంకో జానెడు అదనంగా కోసి తీయండి. అక్కడితో తొందరపడకండి, గాలి తగిలేలా ఫ్యాను పెట్టి మీటర్ 15 లోపుకి దిగేదాకా వారాలైనా ఆగండి. తడి మీద కొత్త చెక్క బిగిస్తే అదీ కుళ్ళుతుంది. ఆరాక చెక్క పురుగు, బూజు మందు పూసి, పాత పట్టీకి పక్కగా కొత్త పట్టీ జిగురుతో స్క్రూలతో అతికించి, మధ్యలో నీళ్ళు పీల్చని ఫోము పలక పెట్టి, పైన ప్లైవుడ్ మూయండి.

గ్యాస్

ఇక్కడ పొదుపు చేయకండి. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, కారితే నేల మీద నీళ్ళలా పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ పెట్టె అడుగున, నేలలో రంధ్రాలు ఉంటాయి. చలి వస్తోందనో చీమలు వస్తున్నాయనో వాటిని మూసేసిన బండ్లు చూశాను. మూసి ఉంటే వెంటనే తెరవండి. రబ్బరు గొట్టం మీద తయారీ సంవత్సరం అచ్చై ఉంటుంది, కాలం తీరితే మార్చండి. అతుకుల మీద సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్ల వెలిగించి చూడటం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. ఇదంతా అయ్యాక కూడా లైసెన్సున్న గ్యాస్ మనిషితో ఒకసారి ప్రెషర్ టెస్టు చేయించండి. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి, ఆ విషవాయువుకి వాసన ఉండదు. చలి ప్రాంతాలకి వెళ్ళేవాళ్ళు ప్రొపేన్ తీసుకోండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 వరకు అవుతుంది.

గ్యాస్, 12 వోల్టులు, ఇంటి కరెంటు మూడింటి మీదా నడిచే పాత ఫ్రిజ్‌లలో అమ్మోనియా ఉంటుంది. వెనక పసుపు పొడి రాలి ఉన్నా, అమ్మోనియా ఘాటు వచ్చినా కూలింగ్ యూనిట్ పోయినట్టే. బండి ఏటవాలుగా నిలిపితే కూడా అది సరిగ్గా చల్లబరచదు. పాడైందని అనుకునేముందు ఒకసారి సమంగా నిలిపి రాత్రంతా వదిలి చూడండి.

కరెంటు

లోపలి లైట్లు, పంపు, ఫ్యాను నడిపేది 12 వోల్టుల విడి బ్యాటరీ. కొత్తది కొనేముందు రోజుకి ఎంత వాడతారో కాగితం మీద వేసుకోండి. కరెంటు మీదే నడిచే కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి సుమారు 35 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట వాడితే ఒక ఆంపియర్ అవర్) అనుకోండి. మూడు వాట్ల ఎల్ఇడి లైట్లు ఐదు, నాలుగు గంటలు వెలిగితే 60 వాట్ అవర్లు, దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 5 ఆంపియర్ అవర్లు. రెండు ఆంపియర్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 16. ఫోన్లు, పంపు కలిపి ఇంకో 6. మొత్తం 62. లెడ్ ఆసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి మీకు కనీసం 125 ఆంపియర్ అవర్లది కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 100 చాలు, బరువూ సగమే. ధర ఎక్కువ. దాన్ని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, ఇంజన్ నుంచి ఛార్జ్ చేయడానికి, ఆ కరెంటుని ఈ బ్యాటరీకి తగ్గట్టు మార్చే డిసి టు డిసి ఛార్జర్ కూడా కావాలి. ఈ రెండూ లెక్కలోకి తీసుకున్నాకే తేల్చుకోండి. మంచి ఎండ కాసే రోజున 100 వాట్ల సోలార్ పలక 30 నుంచి 40 ఆంపియర్ అవర్లు ఇస్తుంది. కాబట్టి పైన లెక్కకి 200 వాట్లు సరిపోతాయి.

ఉన్న బ్యాటరీ మంచిదో కాదో మల్టీమీటర్ చెప్తుంది. ఛార్జ్ ఆపి కొన్ని గంటలు వదిలాక లెడ్ ఆసిడ్ 12.6 నుంచి 12.8 చూపించాలి. 12.2 అంటే సగమే ఉంది. రాత్రంతా రెండు లైట్లు వేసి ఉదయం మళ్ళీ కొలవండి, బాగా పడిపోతే బ్యాటరీ ముసలిదైపోయింది.

వైరింగ్‌లో ఒక్క మాట గుర్తుంచుకోండి. 12 వోల్టులంటే షాక్ కొట్టదు కానీ మంట పెడుతుంది. 1,200 వాట్ల ఇన్వర్టర్ 100 ఆంపియర్లు లాగుతుంది. సన్న వైరు అంత మొయ్యలేక కాలిపోతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరే ప్రతి వైరుకీ బ్యాటరీ పక్కనే, జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. వెనకటి యజమానులు వైర్లు మెలితిప్పి ఇన్సులేషన్ టేప్ చుట్టిన అతుకులు కనబడతాయి. అవన్నీ కోసేసి సరైన కనెక్టర్లు పెట్టి, వాటిని సాధనంతో నొక్కి బిగించండి (క్రింప్ చేయడం). బయటి కరెంటు ప్లగ్ చేసే 230 లేదా 120 వోల్టుల వైపు మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

నీళ్ళు, లోపలి పని

ట్యాంకులో 60 లీటర్లకి 60 మిల్లీలీటర్ల చొప్పున వాసన లేని ఇంటి బ్లీచ్ కలిపి, ప్రతి కొళాయి నుంచి ఆ నీళ్ళు వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి, వాసన పోయేదాకా కడిగేయండి. కొళాయిలన్నీ కట్టేసి పంపు ఆన్‌లో ఉంచి నిశ్శబ్దంగా కూర్చోండి. ఎవరూ కొళాయి తిప్పకుండానే పంపు మధ్యమధ్యలో టకటకమంటే ఎక్కడో కారుతోంది. గడ్డకట్టే చలి వచ్చే చోట చలికాలానికి ముందే ట్యాంకు, గొట్టాలు, హీటరు ఖాళీ చేయాలి.

లోపలి అందం గురించి ఎక్కువ చెప్పను, అది మీ ఇష్టం. బరువు మాత్రం చూసుకోండి. మందపాటి ఎమ్‌డిఎఫ్ పలకలు, నేల టైల్సు వద్దు. పల్చటి ప్లైవుడ్, వినైల్ చాలు. పాత అలమరాలకి రంగు వేసేముందు వంట జిడ్డు కడిగి, కాస్త గరుకు చేసి, ప్రైమర్ వేయండి. లేకపోతే గోరు తగిలినా పొరలుగా లేస్తుంది. గోడకి స్క్రూ కొట్టేముందు దాని పొడవు కొలవండి. బయటికి దూసుకుపోతే మీ చేత్తో మీరే నీళ్ళకి కొత్త దారి తీసినట్టవుతుంది.

మొదటి ప్రయాణం ఒక రాత్రికి, ఇంటికి రెండు గంటల దూరంలోపు పెట్టుకోండి. చక్రాలు విప్పి బిగించినవైతే 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత ఆగి నట్లు మళ్ళీ బిగించండి. ఇక ఏడాదికి రెండుసార్లు కప్పు అతుకులు చూసి, లోపల పది పన్నెండు చోట్ల చిన్న పెన్సిల్ గుర్తులు పెట్టుకుని, ప్రతిసారీ అవే చోట్ల మీటర్ పెట్టి అంకెలు తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకోండి. కిందటిసారి 12 ఉన్న మూల ఈసారి 17 అయితే, గోడ మెత్తబడకముందే మీకు తెలిసిపోతుంది. మీరు ఎప్పుడైనా ఆ బండి అమ్మాల్సి వస్తే, తీసుకునేవాళ్ళ చేతిలో పెట్టాల్సిన మొదటి కాగితం కూడా అదే.